పైనున్నోడు

మొన్న ద్వారకా నగర్‌లో మా కోచింగ్ సెంటర్ ఎదురుగా రోడ్డు ఆపేశారు. పక్క బిల్డింగు నాలుగో అంతస్తు మీదికి క్రేనుతో జనరేటరు ఎక్కిస్తున్నారు. ఆ పచ్చ పెట్టె తీగకి వేలాడుతూ పైకి వెళ్ళి, పిట్టగోడ దాటి ఆగింది. మేడ మీద ఒక బక్కపల్చటి మనిషి అరచెయ్యి కిందికి తిప్పి మెల్లగా ఊపుతూ "ఆరియా... ఆరియా..." అంటున్నాడు. దించు, దించు అని. కాసేపటికి గుప్పిట మూశాడు. జనరేటరు ఠక్కున ఆగింది. వెనక బస్సు కాంప్లెక్సు దాకా హారన్లు మోగుతున్నాయి, నా క్లాసుకి టైమైపోయింది. నేను మాత్రం ఫుట్‌పాత్ మీద నిలబడి నా కుడిచెయ్యి చూసుకుంటున్నాను. అది కూడా గుప్పిట మూసుకుని ఉంది.

ఆ గుప్పిట నాకు నేర్పినాయన పోయి ఏడాది దాటింది. చదరంగంలో నా గురువు ఆయనేనని చెప్తే నవ్వుతారు. ఎందుకంటే నాకు తెలిసి ఆయన రోజూ ఓడిపోయేవాడు.

ముందు నా సంగతి కొంచెం చెప్పుకోవాలి. నేను పోటీ పరీక్షల పిల్లలకి లెక్కలు చెప్తాను. గోడమీది బోర్డులో నా ఫొటో కింద 'స్పీడ్ మాథ్స్' అని ఉంటుంది. రైలు పొడవెంతో, ట్యాంకు ఎప్పటికి నిండుతుందో నలభై సెకన్లలో తేల్చెయ్యడం నేర్పడమే నా బతుకు. అలాంటివాణ్ణి ఫోన్లో మూడు నిమిషాల చదరంగం మొదలుపెట్టి, రెండేళ్ళపాటు ఒకే రేటింగు దగ్గర చతికిలబడ్డాను. గెలిచే ఆటలో మంత్రిని అప్పనంగా అప్పగించేవాణ్ణి. ఆ ఉక్రోషంలో ఇంకో ఆట, అది పోయిన ఉక్రోషంలో మరో ఆట. గాజువాకలో బస్సెక్కి ద్వారకా నగర్‌లో దిగేలోపు ఐదాటలు ఓడి, ఆ మొహంతో క్లాసులోకి వెళ్తే, సారుకి ఒంట్లో బాగాలేదేమో అని పిల్లలు గుసగుసలాడుకునేవారు.

ఆయనా, ఆయన భార్యా మా ఇంటి కింద వాటాలో ఉండేవారు. హార్బరు దగ్గర ఒక కాంట్రాక్టరు యార్డులో ముప్ఫై ఏళ్ళు కళాసీగా చేశాడు. ఓడల్లోంచి దిగిన ఇనుప సామాను క్రేను ఎత్తి లారీల్లోకి దించుతుంటే, కింద నిలబడి క్రేను డ్రైవరుకి చేతి సైగలివ్వడం ఆయన పని. ఎత్తాలంటే 'హవీస్', దించాలంటే 'ఆరియా', గుప్పిట మూస్తే ఆపు. ఆ మాటలు ఏ భాషవని అడిగితే ఓడల్లో వచ్చాయనేవాడు, అంతకుమించి ఆయనకీ తెలీదు. పని మానేశాక ఆ మాటలు ఇంట్లోకి వచ్చేశాయి. భార్య పొయ్యి మీంచి కుక్కరు దించుతుంటే గుమ్మంలో నిలబడి, చెయ్యి ఊపుతూ ఆరియా అనేవాడు. ఆవిడ తిరిగి చూడకుండానే గరిటె ఎత్తేది. అదీ ఒక సైగే, ఆయనకి బాగా తెలిసిన సైగ.

ఒక ఆదివారం పొద్దున నేను మెట్ల మీద కూర్చుని ఆడుతుంటే వెనక వచ్చి నిలబడ్డాడు. భుజమ్మీద తువ్వాలు, చేతిలో టీ గ్లాసు. మూడాటలు ఓడేదాకా నోరు విప్పలేదు. చదరంగం వచ్చా అని అడిగితే, సిన్నప్పుడు ఆడేవోళ్ళం అన్నాడు. నాలుగో ఆట కూడా పోయాక, ఇక ఉండబట్టలేక చెప్పాడు.

"మాస్టారు, మీరు బరువు ఎక్కడికి ఎల్తందో సూత్తన్నారు. అది లేసినాక కింద కాళీ అయిన జాగా సూడ్డం లేదు."

అర్థం కాలేదన్నాను. ఆయన నా ఫోను తీసుకుని, తువ్వాలుతో తుడిచి, ఆట వెనక్కి జరపమన్నాడు. అవతలివాడి గుర్రం నా ఏనుగు మీదికి వచ్చిన చోట ఆపించాడు. నేను ఆ గుర్రాన్ని చూసి బెదిరి ఏనుగుని పక్కకి జరిపాను. ఆయన వేలు పెట్టింది గుర్రం వచ్చిన గడి మీద కాదు, అది వదిలేసి వచ్చిన గడి మీద. అది వదిలేసి రావడంతో వాడి మంత్రికి కాపలా పోయింది. ఒక్క దెబ్బకి కొట్టెయ్యొచ్చు. నేను చూడనే లేదు. అప్పటికి వందల వీడియోలు చూసి ఉంటాను, ఇంత తేలిగ్గా చెప్పినవాడు లేడు.

రెండో పాఠం గుప్పిట. ఎత్తు మనసులోకి రాగానే వెయ్యకూడదు. గుప్పిట మూసి, అర సెకను కింద ఎవరున్నారో చూసి, అప్పుడు ఆరియా. మూడు నిమిషాల ఆటలో అర సెకను దండగని నేను వాదించాను. నలభై ఎత్తులకి ఇరవై సెకన్లు పోతాయని వేళ్ళ మీద లెక్క కట్టి చూపించాను. ఆయన శ్రద్ధగా విని, ఆ ఇరవై సెకన్లు మిగిలితే ఏటి సేత్తారు మాస్టారు, అన్నాడు. ఆ ఇరవై సెకన్లతో నేను రెండేళ్ళుగా చేస్తున్నదల్లా ఓడిపోవడమే.

రెండు నెలల్లో నా రేటింగు కదిలింది. కదలడమే కాదు, నేను సిగ్గు లేకుండా అందరికీ చూపించుకునేంత పెరిగింది. వరసగా రెండాటలు ఓడానా, నా మొహం చూసి కనిపెట్టేసేవాడు. కోపంగున్నోడు క్రేను దిగిపోవాలని చెప్పి, ఫోను లాక్కుని వాళ్ళ బియ్యం డబ్బా మీద పెట్టేవాడు. నలభై ఆరేళ్ళ మనిషిని, పదిమందికి పాఠం చెప్పేవాణ్ణి, వాళ్ళ వంటింటి గుమ్మంలో నిలబడి నా ఫోను నాకిమ్మని బతిమాలుకునేవాణ్ణి. చల్లబడ్డాక ఇచ్చేవాడు.

ఆయన నోట్లో ఎప్పుడూ ఒకే మాట నలిగేది. పైనున్నోడికి కనపడాల. పైనున్నోడు సూత్తన్నాడు. మనం ఎంత బాగా సేసినా పైనున్నోడికి తెలాల కదా. ఇంత భక్తుడని అనుకోలేదు సుమా అని నేను గౌరవంగా తలూపేవాణ్ణి. ఒకసారి మేమంతా సింహాచలం కొండకి వెళ్తూ, మీకు దేవుడంటే అంత నమ్మకం కదా, మాతో రండి అని పిలిచాను. ఆయన తెల్లబోయాడు. లోపలున్న ఆయన భార్య ముందు నవ్వడం మొదలుపెట్టింది.

"దేముడు కాదు మాస్టారు. మా క్రేన్ డ్రైవరు" అన్నాడాయన.

పైనున్నోడంటే ఏడో నంబరు క్రేను కేబినులో కూర్చునేవాడు. గోదావరి జిల్లా మనిషి, కోనసీమ వైపు. ఈయనేమో పద్మనాభం దగ్గర వరి పండించే ఊరివాడు. ముప్ఫై ఏళ్ళు ఒకరు పైన, ఒకరు కింద. బావా అంటే బావా అనుకుని, ఒకరి క్యారేజీ ఒకరు తిని, పిల్లల పెళ్ళిళ్ళకి పందిళ్ళు వేయించుకున్నవాళ్ళు. తర్వాత మాటల్లేకుండా పోయాయి. ఎందుకో ఆయన చెప్పలేదు, ఆవిడ చెప్పింది.

ఒక మధ్యాహ్నం ఇనుప రేకుల కట్ట దించుతుంటే అది లారీ లోపలికి దిగాల్సింది పోయి ముందు కేబిను మీద కూర్చుంది. లారీవాడు టీకి వెళ్ళాడు కాబట్టి సరిపోయింది, ఎవరికీ గీత కూడా పడలేదు. లారీ కేబిను అప్పడమైంది. విచారణలో ఈయన, నేను గుప్పిట మూశాను, వాడు ఆపలేదన్నాడు. పైనున్నాయన, వాడు గుప్పిట మూయనే లేదన్నాడు. ఇద్దరూ అదే రాసిచ్చారు. ఇద్దరికీ చివాట్లు పడ్డాయి, అంతటితో అయిపోయింది. కానీ ఆ తర్వాత రెండేళ్ళు అదే యార్డులో, అదే క్రేను దగ్గర, ఒక్క మాటా లేకుండా సైగలతోనే పని చేశారు. పని మానేశాక పైనున్నాయన సొంతూరు వెళ్ళిపోయాడు. వెళ్తున్నానని కూడా చెప్పలేదు.

అప్పటికి నాకర్థమైంది, ఈయన పొద్దస్తమానం ఆ గుప్పిట ఎందుకు మూస్తాడో. ఆయనకి ఈ లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. గుప్పిట మూశావురా అని పైనున్నోడు ఒక్కసారి ఒప్పుకుంటే చాలు.

నేను చేసిన తొందరపాటు పనుల్లో ఒకే ఒకటి మంచికి వచ్చింది. ఒకరోజు ఆయన ఫోన్లో కూడా ఆట ఎక్కించాను. మీ ఫోన్లో ఉన్న నంబర్లలో ఎవరు ఆడుతున్నారో చూపించమంటారా అని అది అడిగింది. నేను స్పీడ్ మాథ్స్ వాణ్ణి కదా, చదవకుండానే సరే అని నొక్కేశాను. ఒక్కటే పేరు వచ్చింది: క్రేన్ 7. అదీ చదవకుండానే నొక్కేశాను. అవతల మనిషి ఆ క్షణానే ఫోను పట్టుకుని ఉన్నట్టున్నాడు, ఆట మొదలైపోయింది. ఈయన తెర మీద పేరు చూశాడు. మొహంలో రంగు మారింది. గడియారం పరిగెడుతోంది. ఆపెయ్యమంటారా అని అడిగాను. ఆయన గుప్పిట మూశాడు, తెరిచాడు, మెల్లగా "ఆరియా" అని బంటుని దించాడు. దించి తలెత్తి పైకి చూశాడు. అవతలి జవాబు మోకాలి మీదున్న ఫోన్లో వస్తుందని తెలిసినా, ముప్ఫై ఏళ్ళ అలవాటు, ప్రతి ఎత్తుకీ ఒకసారి ఆకాశంలోకి చూసేవాడు.

ఆ ఆట రెండు నిమిషాల్లో ఓడిపోయాడు. మర్నాడు ఆరున్నరకి అటునుంచే పిలుపు వచ్చింది. ఇక రోజూ అంతే. పొద్దున ఆరున్నరకి ఒక్క ఆట. మాట రాసుకోవడానికి పక్కన చోటుండేది, ఏడాది పాటు అది ఖాళీగానే ఉంది. నేను పాల ప్యాకెట్లకి కిందికి దిగే వేళ కూడా అదే కాబట్టి, ప్రతి ఓటమికీ నేనే సాక్షిని.

ఎందుకు ఓడేవాడో చెప్తే ఆశ్చర్యపోతారు. నాకు కాళీ జాగా చూపించిన మనిషి, తనవరకు వచ్చేసరికి కళ్ళంలో నేర్చుకున్న ఆటే ఆడేవాడు. వాళ్ళ ఊళ్ళో వరికుప్పల కాపలాకి వెళ్ళి, చెక్క మీద బొగ్గుతో గళ్ళు గీసుకుని ఆడిన చదరంగం అది. యార్డులో భోజనాల వేళ బావలిద్దరూ ఆడుకున్నదీ ఆ ఆటే. అందులో బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే కదులుతుంది. కోట కట్టడం లేదు. దానికి బదులు రాజుకి ఆట మొత్తంలో ఒక్కసారి గుర్రంలా గెంతే హక్కుంది. బంటు సంగతి వారంలో సర్దుకున్నాడు. రాజు సంగతి సర్దుకోలేదు. చెక్ రాగానే, గడియారం ఎర్రబడగానే, బుర్రకంటే వేలు ముందు పరిగెత్తేది. రాజుని పట్టుకుని గుర్రంలా గెంతించేవాడు. ఫోను రాజుని తీసుకొచ్చి మళ్ళీ పాత గళ్ళో కూర్చోబెట్టేది. ఇంకాస్త గట్టిగా అదిమి గెంతించేవాడు. మళ్ళీ అంతే. ఒప్పుకోదేటి ఇది, అని తువ్వాలుతో తెర తుడిచి మూడోసారి గెంతించేవాడు. ఈలోపు టైమైపోయేది.

కోట కట్టడం నేర్పితే ఆయనకి నచ్చలేదు. యుద్ధం మొదలవకుండానే రాజుని ఏనుగు ఎనకాల దాసీడమేటి, సిగ్గు కాదా అన్నాడు. ఓడాక మాత్రం ప్రతిసారీ ఫోను నాకు చూపించి, ఇదిగో, ఇదే కదా ఎయ్యాల అనేవాడు. ఎప్పుడూ సరిగ్గా అదే. సరైన ఎత్తు ఆయనకి కనపడకపోవడమంటూ ఉండేది కాదు, గడియారం ఆగిన తర్వాత కనపడేది.

ఒకరోజు బస్సుకి ముందే నేనూ రెండాటలు ఓడి ఉన్నాను. ఆయన మామూలుగా ఫోను చూపించి, ఇదే కదా అన్నాడు. నాలో మాస్టారు నిద్రలేచాడు.

"టైమయ్యాక రాసిన సరైన జవాబుకి మార్కు ఉండదండీ. రాయనట్టే లెక్క. మీ మనసులో ఉన్నది పేపరు దిద్దేవాడికి కనపడదు."

క్లాసులో రోజూ చెప్పే మాటే. కానీ ఆయన ఫోను మెల్లగా వెనక్కి తీసుకుని, లోపలికి వెళ్ళిపోయాడు. మర్నాడు మెట్ల మీదికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. పెరట్లో నిలబడి గుప్పిట మూసి తెరిచి, మూసి తెరిచి చూసుకుంటున్నాడని ఆయన భార్య చెప్పింది. పెద్దాయన్ని నొప్పించానని నాకు రెండురోజులు అన్నం సయించలేదు.

మూడోరోజు ఆరున్నరకి మెట్ల మీద ఉన్నాడు. నన్ను చూసి నవ్వి పక్కకి జరిగాడు. ఆట మొదలైంది. ఎవరూ చెప్పకుండానే కోట కట్టాడు. కట్టి నా వైపు చూశాడు కూడా. ఎత్తుకీ ఎత్తుకీ గుప్పిట మూస్తున్నాడు, కానీ అరక్షణమే, వెంటనే తెరిచేస్తున్నాడు. అయినా అవతలాయన ఈయన మంత్రిని కొట్టేశాడు. ఇటు తొమ్మిది సెకన్లు, అటు పద్నాలుగు. ఈయన గుర్రం తీసుకెళ్ళి చెక్ చెప్పాడు, తలెత్తి ఆకాశం చూశాడు.

అవతలి రాజు పక్క గళ్ళోకి ఒక్క అడుగు జరిగితే చాలు, ఆట వాళ్ళదే. జరగలేదు. పదమూడు, పన్నెండు. నెట్టు పోయినాదా మాస్టారు అన్నాడు ఈయన. పోలేదన్నాను. ఎనిమిది, ఏడు. నేను పాల ప్యాకెట్లు ఎప్పుడు గుండెకి అదుముకున్నానో తెలీదు, చొక్కా తడిసిపోయింది. మూడు, రెండు, ఒకటి. మీరు గెలిచారని తెర మీద రంగు కాగితాలు రాలాయి. ఆయన ఆ ఇంగ్లీషు చదవలేక, మళ్ళీ ఓడానా అని అడిగాడు. గెలిచారని చెప్పేలోపే ఫోను మోగింది. క్రేన్ 7.

ఆయన ఫోను ఎప్పుడూ స్పీకరు పెట్టే మాట్లాడతాడు. ఐదేళ్ళ తర్వాత అవతలినుంచి వచ్చిన మొదటి మాట నేనూ విన్నాను.

"ఏరా, నా రాజు గెంతట్లేదేంట్రా?"

ఈయన కళ్ళు నిండిపోయాయి, పెదాలు నవ్వుతున్నాయి.

"నాదీ గెంతదు బావా. ఏడాదై సూత్తన్నాను."

"మరి చెప్పవేం? ఇన్నాళ్ళూ నాకు గెంతే అవసరం రాలేదు. ఇవాళ నాలుగుసార్లు గెంతించాను, వెనక్కి తెచ్చి కూర్చోబెడుతోంది."

"నువ్వు మాటాడితే కదా సెప్తాను."

ఎక్కడో కోడి కూసింది, అక్కడో ఇక్కడో తెలీలేదు. నేను లేచి వెళ్ళిపోవాలి, మర్యాద అది. అయినా కూర్చునే ఉన్నాను. ఆయన కుడిచెయ్యి ఎత్తి, గుప్పిట మూసి, దాన్నే చూస్తూ అన్నాడు.

"బావా. ఆ దినం నాను గుప్పిట మూసాను. ఆలీసంగా మూసాను."

ఐదేళ్ళు పట్టుకు వేలాడిన మాటని, గెలిచిన రోజున, తనంతట తానే దించేశాడు. అవతలాయన దగ్గాడు, గొంతు సవరించుకున్నాడు.

"మూశావురా. చూశాను. ఆలస్యమైనా చూశాను. మూయలేదని ఎందుకన్నానో నాకే తెలీదు. భయమేసింది." కొంచెం ఆగి, "ఇంకో ఆట పెట్టు. గెంతులు లేవు" అన్నాడు.

ఆట పెట్టారు. ఇద్దరూ ఆడకుండా మాట్లాడుకుంటూ కూర్చున్నారు. ఈయన టైమైపోయి ఓడిపోయాడు. ఓడి, చేతులు చాచి నవ్విన ఆ నవ్వుకి ఆయన భార్య వంటింట్లోంచి గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

ఆ తర్వాత ఏడాదిన్నర వాళ్ళిద్దరూ ఒక్క ఆటా సవ్యంగా ఆడిన పాపాన పోలేదు. గడియారం తిరుగుతుంటే చేపల ధరలూ, కీళ్ళ నొప్పులూ, పాత యార్డు కబుర్లూ. ఒకసారి పైనున్నాయన బస్తా కొబ్బరికాయలు వేసుకుని వచ్చాడు. మూడురోజులు మా మెట్లు ఖాళీ లేవు, నేను పాల ప్యాకెట్ల కోసం గోడ పక్కనుంచి దిగాల్సి వచ్చింది.

ఇప్పుడు పొద్దున ఆరున్నరకి క్రేన్ 7 నాతో ఆడుతున్నాడు. మొన్నటి జనరేటరు సంగతి, నా గుప్పిట దానంతటదే మూసుకున్న సంగతి మర్నాడు ఆట మొదలుపెడుతూ ఫోన్లో ఆయనకి చెప్పాను. ఆయన నవ్వాడు. నా గడియారం పరిగెడుతూనే ఉంది.

"ముప్ఫై ఏళ్ళు నేను పైన, వాడు కింద. ఇప్పుడు చూడండి మాస్టారూ, నన్ను కింద వదిలేసి వాడెక్కి కూర్చున్నాడు. మీరు గుప్పిట సరిగ్గా మూసి ఆడండి. పైనున్నోడికి కనపడాలి."

తలెత్తి ఒకసారి చూసి, గుప్పిట మూసి తెరిచి, బంటుని దించాను.